సరఫరాదారులతో "మా దగ్గర వెట్టి లేదు" అని సంతకం పెట్టించుకుంటే చాలా? మా కళాకేంద్రం కొనుగోళ్ల గురించి సలహా కావాలి

కలువరేకు (మాంచెస్టర్), శనివారం ఉదయం 10.12

అందరికీ నమస్కారం. ఇక్కడ ఒక కళాకేంద్రంలో కొనుగోళ్లు చూస్తాను. మాకు ఒక థియేటర్, రెండు గ్యాలరీలు, కెఫే, చిన్న షాపు ఉన్నాయి. ఆధునిక బానిసత్వం మీద ఈ ఏడాది ప్రకటన రాసే పని నాకు అప్పజెప్పారు.

బ్రిటన్‌లో 2015లో ఆధునిక బానిసత్వ చట్టం వచ్చింది. ఏడాది టర్నోవర్ 3 కోట్ల 60 లక్షల పౌండ్లు, ఆ పైన ఉన్న సంస్థలు తమ సరఫరా గొలుసులో బలవంతపు చాకిరి లేకుండా ఏం చేశాయో ఏటా రాసి, బోర్డు చేత ఒప్పించి, డైరెక్టర్ సంతకంతో వెబ్‌సైట్‌లో పెట్టాలి. ఈ పని చెయ్యని సంస్థకు నేరుగా జరిమానా లేదు. "మేం ఏమీ చెయ్యలేదు" అని రాసినా చట్టానికి సరిపోతుంది. మా సంస్థ ఆ పరిమితికి చాలా కింద ఉంది. అయినా రాయాలని మా డైరెక్టర్ నిర్ణయించారు, నాకూ ఇష్టమే.

పోయినేడు నాకంటే ముందున్నాయన సరఫరాదారులందరికీ ఒక ఫారం పంపారు. "మీ దగ్గర బలవంతపు పని ఉందా?" అన్న ప్రశ్నకు, జవాబిచ్చిన ప్రతి ఒక్కరూ "లేదు" అనే టిక్కు పెట్టారు. ఆ ఫైలు చదువుతుంటే నాకు నిద్ర పట్టలేదు. మా షాపులో తొమ్మిది పౌండ్లకు అమ్మే గుడ్డ సంచి ఉంది. లేబుల్ మీద ఇండియా అని ఉంటుంది, అంతే. పత్తి ఎవరిదో, నూలు ఎక్కడ వడికారో, ఎవరు కుట్టారో మా సంస్థలో ఒక్కరికీ తెలియదు. మాది తెనాలి. చిన్నప్పుడు మా వీధిలో పత్తి బండ్లు వెళ్తుంటే వెనకాల దూది ఏరుకునేదాన్ని. అలాంటి నేను ఈ కాగితం మీద ఏం రాయాలి? ఈ పనుల్లో ఉన్నవాళ్లు చెప్పండి. నిజంగా ఏం అడగాలి?

నూలుపోగు (తిరుప్పూర్), శనివారం మధ్యాహ్నం 1.40

అక్కా, నాది చిత్తూరు జిల్లా. పధ్నాలుగేళ్లుగా ఇక్కడ మర్చండైజర్‌గా పనిచేస్తున్నాను. మీ సంచి కథ చెప్తాను.

పత్తి జిన్నింగ్ మిల్లుకు వెళ్తుంది, అక్కడి నుంచి స్పిన్నింగ్ మిల్లుకు, తర్వాత మగ్గాలకు, అద్దకానికి, చివరికి కుట్టే యూనిట్‌కు. ప్రింటింగ్ ఇంకో చోట. విదేశీ ఆడిటర్ చూసేది కుట్టే యూనిట్ ఒక్కటే. అక్కడ ఫైర్ ఎగ్జిట్ ఉంటుంది, తాగునీళ్లు ఉంటాయి, రిజిస్టర్ ఉంటుంది. అసలు టెన్షన్ అంతా దానికి మూడు మెట్లు కింద, స్పిన్నింగ్ మిల్లులో. కోయంబత్తూరు, దిండిగల్, ఈరోడ్ చుట్టుపక్కల "సుమంగళి" అనే పద్ధతి నడిచిన సంగతి ఇక్కడ అందరికీ తెలుసు. పేదింటి ఆడపిల్లను మూడేళ్లకు మిల్లు హాస్టల్‌లో చేర్చుకుంటారు. నెలకు కొంచెం చేతికిచ్చి, మూడేళ్లు పూర్తయ్యాక పెళ్లి ఖర్చులకని పెద్ద మొత్తం ఇస్తామంటారు. రెండున్నరేళ్లకు జబ్బు చేసి ఇంటికి వెళ్లిన పిల్లకు ఆ మొత్తం అందదు. ఇప్పుడు ఆ పేరు ఎవరూ వాడరు. ఒడిశా, జార్ఖండ్ నుంచి వచ్చిన పిల్లలే ఆ హాస్టళ్లలో ఎక్కువ.

అందుకని మీరు అడగాల్సిన మొదటి సంగతి నూలు ఏ మిల్లుదని. పేరు, ఊరు చెప్పమనండి. చెప్పలేమంటే అదే జవాబు. రెండోది, హాస్టల్ ఉంటే ఆదివారం పిల్లలు ఎవరూ వెంట లేకుండా బజారుకు వెళ్లొచ్చా, ఫోన్ వాళ్ల దగ్గరే ఉంటుందా అని.

ఇంకో మాట, కోపం తెచ్చుకోకండి. మీలాంటి సంస్థలు బొమ్మ డిజైన్ మూడు వారాలు ఆలస్యంగా పంపి, ఎగ్జిబిషన్ తేదీ మాత్రం మార్చవు. ఆ మూడు వారాలను ఇక్కడ ఆడవాళ్లు రాత్రిళ్లు కూర్చుని పూడుస్తారు.

కృష్ణాతీరం (పెడన), శనివారం సాయంత్రం 6.05

నేను కలంకారీ అచ్చు గుడ్డ ఎగుమతి చేస్తాను, చిన్న యూనిట్. ఈ చర్చ మంచిదే, కానీ ఆ ఫారాల వల్ల నష్టపోయేది మాలాంటివాళ్లే. ముప్ఫై పేజీల ఇంగ్లిష్ ఫారం నింపడానికి పెద్ద ఫ్యాక్టరీకి ఒక డిపార్ట్‌మెంట్ ఉంటుంది. మాకు ఎవరున్నారు? నింపలేక రెండు ఆర్డర్లు వదులుకున్నాను. ఆ ఆర్డర్లు మిషన్ ప్రింట్ వాళ్లకు వెళ్లాయి.

పైగా అడ్వాన్స్ అన్న మాట వినగానే మీవాళ్లు భయపడతారు. మా దగ్గర అద్దకం పనివాళ్లు కూతురి పెళ్లికో, ఆస్పత్రికో అడ్వాన్స్ అడుగుతారు. బ్యాంకు వాళ్లకు ఇవ్వదు. నేను ఇస్తాను, వారానికి కొంత పట్టుకుంటాను. ఇది బానిసత్వం అవుతుందా? మర్యాదగానే అడుగుతున్నాను, ఎవరైనా చెప్పండి.

పాతఫైలు (కరీంనగర్), శనివారం రాత్రి 9.30

కృష్ణాతీరం గారూ, ఈ ప్రశ్న అడిగినందుకు సంతోషం. నేను కార్మిక శాఖలో పనిచేసి రిటైరయ్యాను. అడ్వాన్స్ ఇవ్వడం ఒక్కటే నేరం కాదు. ఆ అడ్వాన్స్ వల్ల మనిషి ఏం పోగొట్టుకున్నాడన్నది చూడాలి.

వెట్టిచాకిరి నిర్మూలన చట్టం 1976లో వచ్చింది, 1975 అక్టోబరులో తెచ్చిన ఆర్డినెన్స్ దానికి మూలం. అప్పు కారణంగా మనిషి వేరే చోట పనికి వెళ్లే స్వేచ్ఛ కోల్పోయినా, తిరిగే స్వేచ్ఛ కోల్పోయినా, కూలి లేకుండానో నామమాత్రపు కూలికో పనిచేసినా అది వెట్టి. ఇంకొకటి కూడా ఆ నిర్వచనంలోనే ఉంది, దాన్ని చాలామంది చదవరు. తన శ్రమతో తయారైన వస్తువును బజారు ధరకు అమ్ముకునే హక్కు పోయినా వెట్టే. కళాకేంద్రాల షాపుల వాళ్లు దీన్ని ముఖ్యంగా చూడాలి. మాస్టర్ వీవర్ (నేతన్నలకు నూలిచ్చి నేయించుకునే వ్యాపారి) దగ్గర నూలుకూ ఇంటి ఖర్చుకూ అప్పు తీసుకున్న నేతన్న, ఆ అప్పు తీరేదాకా చీర ఆయనకే, ఆయన చెప్పిన ధరకే ఇవ్వాలంటే, మగ్గం సొంత ఇంట్లోనే ఉన్నా ఆ మనిషికి స్వేచ్ఛ లేదు.

మీ పనివాడు రేపు పక్క యూనిట్‌కు వెళ్తానంటే మీరేం చేస్తారు? బాకీ తర్వాత మెల్లగా ఇవ్వమని పంపిస్తే అది చేబదులు. తీర్చేదాకా కదలకూడదంటే అది వెట్టి.

కొట్టి, గొలుసులు వేసి చేయించేదే బలవంతం అనుకునేవాళ్ల కోసం ఇంకో సంగతి. ఢిల్లీలో ఏషియాడ్ (ఆసియా క్రీడలు) నిర్మాణ కూలీల కేసులో 1982లో సుప్రీంకోర్టు ఆకలి, పేదరికం కూడా బలవంతమేనని, కనీస వేతనం కంటే తక్కువకు పనిచేయించుకోవడం రాజ్యాంగం 23వ అధికరణ నిషేధించిన బలవంతపు చాకిరేనని చెప్పింది. దేశానికి గర్వంగా చూపించుకునే కట్టడాల దగ్గర పుట్టిన తీర్పు అది. కళాభవనాలు కట్టేవాళ్లు గుర్తుంచుకోవాలి.

పెద్దపల్లి వైపు ఇటుక బట్టీల తనిఖీకి చాలాసార్లు వెళ్లాను. ఒడిశాలోని బలంగీర్, నువాపడా జిల్లాల నుంచి కుటుంబాలకు కుటుంబాలే వస్తాయి. వానాకాలం వెళ్లేటప్పుడు సర్దార్, అంటే కూలీలను కుదిర్చే మేస్త్రీ, ఊళ్లో అడ్వాన్స్ ఇస్తాడు. మొగుడు, పెళ్లాం, ఒక పిల్లాడు కలిస్తే ఒక జట్టు లెక్క. ఇటుకలు ఎన్ని చేసిందీ బట్టీ యజమాని చిట్టాలోనే ఉంటుంది, వాళ్ల చేతికి కాగితం ఉండదు. ఒకసారి ఒకామెను "అమ్మా, ఇంకా ఎంత బాకీ?" అని అడిగాను. "సర్దార్‌కు తెలుసు" అంది. చట్టం ప్రకారం ఆ బాకీ రద్దు. విముక్తి పత్రం చేతికిచ్చినా ఆమె నమ్మలేదు, మూడుసార్లు అడిగింది.

మన ప్రవాసులు చాలామంది సొంతూళ్లో కళాభవనం, కళ్యాణ మండపం కట్టించడానికి చందాలు పంపుతారు. ఇటుక ఏ బట్టీదని ఎప్పుడైనా అడిగారా?

జగిత్యాల అన్న (జగిత్యాల), ఆదివారం ఉదయం 7.15

సార్ చెప్పింది నిజం. నేను 2012 నుంచి మూడేళ్లు అబూదాబిలో ఉన్నాను. పెద్ద పెద్ద భవనాల్లో రాయి పరిచే పని. కంపెనీ పేరు రాయను.

ఏజెంటుకు తొంభై వేలు కట్టిన. నూటికి మూడు రూపాయల మిత్తి, అంటే నెలకు 2,700 మిత్తికే పోతుంది. ఇక్కడ 1,200 దిర్హమ్‌లు అన్నారు, అక్కడ దిగినాక 800 కాగితం మీద సంతకం పెట్టమన్నారు. పెట్టకపోతే వాపస్ పొమ్మన్నారు. తొంభై వేల అప్పు నెత్తిన పెట్టుకుని ఎట్ల వాపస్ పోతా? పెట్టిన. పాస్‌పోర్టు మొదటి రోజే ఆఫీసులో తీసుకున్నారు. మమ్మల్ని ఎవరూ కొట్టలేదు. గేటుకు తాళం కూడా లేదు. అయినా పోలేము. బయటికి పోయినోడు ఖల్లివల్లి, అంటే కాగితాలు లేనోడు, అయిపోతాడు, దొరికితే జైలు.

మేడం, మీరు తెల్సుకోవాల్సింది ఇది. మా క్యాంపుకు ఒకసారి కోటు వేసుకున్నవాళ్లు తనిఖీకి వచ్చారు. ముందురోజు రాత్రి సూపర్‌వైజర్ అందరినీ నిలబెట్టి "ఏజెంటుకు పైసలు కట్టలేదని చెప్పాలె" అన్నాడు. మరునాడు వాళ్లు నన్ను అడిగారు, నేను కట్టలేదనే చెప్పిన. రాసుకుని పోయారు. ఆ కాగితంలో నేను అబద్ధం చెప్పినోణ్ని. మీ ఫారంలోని "లేదు" అన్న టిక్కు చదివితే నాకు అదే యాదికొచ్చింది.

ఫీజు కట్టారా అని అడిగితే ఎవరూ నిజం చెప్పరు. "ఇంటి దగ్గర అప్పు ఎంత ఉన్నది? ఇంకెన్ని నెలలకు తీరుతది?" అని అడగండి. దానికి అబద్ధం చెప్పాలని ఎవరూ నేర్పరు. ఇంటి ముచ్చట కదా, నోటికి వచ్చేస్తది.

కొండగుర్తు (లండన్), ఆదివారం మధ్యాహ్నం 12.20

అన్నా, రెండుసార్లు చదివాను. చెప్పినందుకు దండాలు.

నేను మ్యూజియం రంగంలో ఉన్నాను. అబూదాబి ప్రస్తావన వచ్చింది కాబట్టి రికార్డులో ఉన్న విషయం చెప్తాను. అక్కడ సాదియాత్ ద్వీపంలో లూవ్ర్, గుగెన్‌హైమ్ పేర్లతో మ్యూజియాలు, న్యూయార్క్ యూనివర్సిటీ ప్రాంగణం తలపెట్టినప్పుడు, కూలీల అప్పులు, పాస్‌పోర్టుల మీద 2009లో హ్యూమన్ రైట్స్ వాచ్ నివేదిక ఇచ్చింది. 2011 మార్చిలో 130 మందికి పైగా కళాకారులు, రచయితలు, క్యూరేటర్లు గుగెన్‌హైమ్ అబూదాబితో పనిచెయ్యబోమని ప్రకటించారు. గల్ఫ్ లేబర్ అన్న పేరుతో ఆ ఉద్యమం ఏళ్ల తరబడి నడిచింది. అందులో ఉన్న మన ముంబై కళాకారుడు అశోక్ సుకుమారన్‌కు 2015లో ఆ దేశం వీసా ఇవ్వలేదు. లూవ్ర్ అబూదాబి 2017 నవంబరులో తెరుచుకుంది.

నాకు బాగా పనికొచ్చిన పాఠం మాత్రం యూనివర్సిటీ ప్రాంగణం నుంచి వచ్చింది. అక్కడ కార్మిక ప్రమాణాలు రాసుకున్నారు, పర్యవేక్షకులను పెట్టుకున్నారు. 2015లో వచ్చిన స్వతంత్ర దర్యాప్తు నివేదిక చూస్తే, మొత్తం కూలీల్లో దాదాపు మూడో వంతు, సుమారు 10,000 మంది, ఆ ప్రమాణాల కిందికే రాలేదు. పది లక్షల డాలర్ల కంటే చిన్న కాంట్రాక్టులకు మినహాయింపు ఇచ్చేశారు. చిన్న సబ్ కాంట్రాక్టర్ల దగ్గరే పరిస్థితి అన్నిటికంటే అధ్వానం, అక్కడే ఎవరూ చూడలేదు.

కలువరేకు గారూ, అందుకే మీ ప్రకటనలో "ఇంత విలువ దాటిన సరఫరాదారులను మాత్రమే పరిశీలిస్తాం" అన్న వాక్యం రాయకండి. డబ్బు ఎక్కువ ఖర్చయ్యే చోటుకూ మనుషులు ఎక్కువ నలిగే చోటుకూ సంబంధం లేదు. మీకు ఏటా ఎక్కువ ఖర్చు సౌండ్ సిస్టం మీద, బీమా మీద అవుతుంది. సంచులూ శుభ్రం చేసే కాంట్రాక్టూ జాబితాలో ఎక్కడో కింద ఉంటాయి.

రాత్రిషిఫ్ట్ (బర్మింగ్‌హామ్), ఆదివారం రాత్రి 11.50

నేను స్టూడెంట్‌ని. సంచులు ఎక్కడో దూరంలో ఉన్నాయి కానీ, మీ బిల్డింగ్‌లోనే చూడండి అక్కా. కచేరీలు అయిపోయాక హాలు తుడిచే పనికి నేను ఆరు నెలలు వెళ్లాను. కాంట్రాక్టు ఒక కంపెనీది, మమ్మల్ని తెచ్చింది ఇంకొకడు. స్టూడెంట్ వీసాలో సెమిస్టర్ సమయంలో వారానికి 20 గంటలే పని చెయ్యొచ్చు. వాడు మాతో 35 గంటలు చేయించి, మిగతాది గంటకు 6 పౌండ్ల లెక్కన క్యాష్ ఇచ్చేవాడు. చివరి నెల డబ్బులు అడిగితే "ఎక్కువ గంటలు చేశావని హోం ఆఫీసుకు చెప్పనా?" అన్నాడు. నాన్న లోన్ గుర్తొచ్చి నోరు మూసుకున్నాను. ఆ హాలు వాళ్లకు నా పేరు కూడా తెలియదు. వాళ్ల వెబ్‌సైట్‌లో మీరు రాయబోయేలాంటి ప్రకటనే ఉండేది.

కొండగుర్తు (లండన్), సోమవారం ఉదయం 8.30

తమ్ముడూ, ఆ భయంతో ఊరుకోకు. పేరు చెప్పకుండానే 08000 121 700 నంబరుకు ఫోన్ చేసి మాట్లాడొచ్చు. ఆధునిక బానిసత్వం హెల్ప్‌లైన్ అది, దుబాసీని ఏర్పాటు చేస్తారు.

అందరికీ ఒక సమాచారం. బ్రిటన్‌లో కూలీలను సరఫరా చేసే ఏజెన్సీలకు గ్యాంగ్‌మాస్టర్ లైసెన్సు కావాల్సింది వ్యవసాయం, తినే ఆల్చిప్పల లాంటివి ఏరే పని, ఆహార ప్యాకింగ్ లాంటి రంగాల్లోనే. క్లీనింగ్‌కు ఆ లైసెన్సు లేదు. అంటే అక్కడ చూసుకోవాల్సింది కాంట్రాక్టు ఇచ్చే మనమే.

గద్వాల సీడ్ (గద్వాల), సోమవారం ఉదయం 9.10

పత్తి మెట్టు గురించి ఎవరూ రాయలేదు కాబట్టి రెండు ముక్కలు. పత్తి కంటే ముందు విత్తనం ఉంది. మా నడిగడ్డలో, అటు కర్నూలు, నంద్యాల వైపు హైబ్రిడ్ విత్తన పత్తిలో క్రాసింగ్ పని చేతులతోనే చెయ్యాలి. సాయంత్రం మొగ్గ విప్పి కేసరాలు తీసెయ్యాలి, పొద్దున్నే పుప్పొడి అద్దాలి. చిన్న వేళ్లు కావాలని ఆడపిల్లలను బడి మాన్పించి తెచ్చిన రోజులు నేను చూశాను. రైతుకు ఆర్గనైజర్ (విత్తన కంపెనీకీ రైతుకూ మధ్య దళారి) అప్పు, కూలి తల్లిదండ్రులకు రైతు అప్పు. బడులు, సంఘాలు గట్టిగా పట్టుబట్టాక చాలా తగ్గింది, కానీ పోలేదు. మీ సంచి వేరు అక్కడ ఉంది.

కలువరేకు (మాంచెస్టర్), సోమవారం రాత్రి 8.45

మీరందరూ రాసింది ప్రింట్ తీసుకుని గుర్తులు పెట్టుకున్నాను. ఒక్క మాట అన్ని పోస్టుల్లోనూ కనిపించింది: అప్పు. బట్టీలో, క్యాంపులో, విత్తన పొలంలో, ఆఖరికి మా ఊళ్లో హాలు తుడిచే కుర్రాడి దగ్గర కూడా. మా ఫారంలో ఆ మాటే లేదు.

ఇప్పుడు నా సందేహం ఒకటే. మిల్లు పేరు చెప్పని సంచి సరఫరాదారుని వెంటనే మానేద్దామని మా డైరెక్టర్ అంటున్నారు. అది సరైనదేనా?

నూలుపోగు (తిరుప్పూర్), సోమవారం రాత్రి 10.20

వద్దక్కా, ఒక్కసారిగా మానకండి. ఆర్డర్ పోతే ముందు ఇంటికి పంపేది ఆ హాస్టల్ పిల్లలనే, బాకీ జీతం ఇవ్వకుండా. ఆరు నెలలు గడువివ్వండి, పేరు చెప్పేవాళ్లకు వచ్చే రెండేళ్ల ఆర్డర్ రాసివ్వండి. చిన్న కొనుగోలుదారు మాట ఇక్కడ చెల్లదు, అది నిజం. కాబట్టి మీ చుట్టుపక్కల థియేటర్లు, మ్యూజియాలు నాలుగైదు కలిసి ఒకే చోట సంచులు కొనండి. అప్పుడు వింటారు. పిల్లలను కట్టేసి ఉంచారని తెలిస్తే మాత్రం గడువులు లేవు. ముందు వాళ్లను బయటికి తెచ్చే సంస్థలతో, అధికారులతో మాట్లాడాలి, ఆ తర్వాతే సరఫరాదారుతో. ముందే చెప్తే రాత్రికి రాత్రి పిల్లలను ఇంకో మిల్లుకు మార్చేస్తారు.

కృష్ణాతీరం (పెడన), మంగళవారం ఉదయం 7.50

పాతఫైలు సార్ అడిగిన ప్రశ్న గురించి రెండు రోజులు ఆలోచించాను. పోయినేడు ఒకతను పక్క యూనిట్‌కు వెళ్తానంటే, బాకీ ఇచ్చి వెళ్లమన్నాను. అతను ఆగిపోయాడు. అప్పుడు అది తప్పనిపించలేదు, ఇప్పుడు అనిపిస్తోంది. నిన్న పిలిచి, వెళ్లాలనుకుంటే వెళ్లొచ్చని, బాకీ నెలనెలా ఇవ్వొచ్చని చెప్పాను. పుస్తకంలో లెక్క రాసి అతనికీ ఒక కాపీ ఇచ్చాను.

కానీ కొనేవాళ్ల వైపు కూడా చూడాలి. సరుకు పంపిన 90 రోజులకు నాకు డబ్బు వస్తుంది. ఆ మూడు నెలలూ గుడ్డకు, రంగులకు, కూలికి నేను వడ్డీకి తెస్తాను. పనివాడికి వారం కూలి ఆలస్యమైతే వాడు ఇంకెక్కడో తెస్తాడు. పైనున్న పెద్ద సంస్థ వాడుకుంటున్నది చివరికి మా అద్దకం పనివాడి అప్పునే. వరల్డ్ ఫెయిర్ ట్రేడ్ ఆర్గనైజేషన్ సూత్రాల్లో, హస్తకళల ఆర్డర్‌కు అడిగితే కనీసం సగం డబ్బు వడ్డీ లేకుండా ముందే ఇవ్వాలని ఉంది. కలువరేకు గారూ, మీ షాపు అలా ఇస్తుందా? ఇస్తే మీ ముప్ఫై పేజీల ఫారం కూర్చుని నింపుతాను.

పాతఫైలు (కరీంనగర్), మంగళవారం ఉదయం 9.00

కృష్ణాతీరం గారూ, నా సర్వీసులో ఇలా తనంతట తాను లెక్క కాపీ ఇచ్చిన యజమానిని ఇద్దరినో ముగ్గురినో చూశాను. నమస్కారం.

కలువరేకు (మాంచెస్టర్), మూడు వారాల తర్వాత, శుక్రవారం రాత్రి 9.15

ఆలస్యమైంది, క్షమించండి. జరిగింది చెప్తాను.

ముప్ఫై పేజీల ఫారం తీసేశాం. ఇప్పుడు ఒకే పేజీ ఉంది. నూలు మిల్లు పేరు, ఊరు. పనివాళ్లను ఎవరు తెచ్చారు, ఆ ఖర్చు ఎవరు పెట్టుకున్నారు. పాస్‌పోర్టు, గుర్తింపు కార్డు ఎవరి దగ్గర ఉంది. అడ్వాన్స్ ఇస్తే లెక్క కాపీ పనివాడి చేతిలో ఉందా, బాకీ ఉండగా వేరే చోటికి వెళ్లొచ్చా. తెలుగు, తమిళం, హిందీ ఏ భాషలోనైనా ఫోన్‌లో జవాబు చెప్పొచ్చని కింద రాశాం. తెలుగు ఫోన్లు నేనే తీసుకుంటాను. సంచి సరఫరాదారు ఇంకా మిల్లు పేరు చెప్పలేదు. సెప్టెంబరు దాకా గడువిచ్చాం. పక్కనున్న రెండు థియేటర్లు కలిసి కొనడానికి ఒప్పుకున్నాయి.

హస్తకళలకు సగం డబ్బు ముందే ఇవ్వడానికి మా ఫైనాన్స్ వాళ్లు మొదట కుదరదన్నారు. మూడు మీటింగులు పట్టింది. షాపు వరకు, ఈ ఏడాదికి ఒప్పుకున్నారు. కృష్ణాతీరం గారూ, మీకు మెయిల్ పంపాను, చూడండి.

రాత్రిషిఫ్ట్ తమ్ముడి పోస్ట్ చదివాక మా క్లీనింగ్ కాంట్రాక్టు తీశాను. కాంట్రాక్టర్ మా అనుమతి లేకుండా ఇంకొకరికి పని ఇవ్వకూడదని అందులో ఉంది, కానీ ఆ సంగతి ఎవరూ ఎప్పుడూ చూసుకోలేదు. మొన్న గురువారం రాత్రి పదకొండున్నరకు, సూపర్‌వైజర్ లేని వేళ చూసి, టీ ఫ్లాస్కుతో వెళ్లి కూర్చున్నాను. తొమ్మిది మంది ఉన్నారు. నలుగురు మాకు తెలియని ఇంకో ఏజెన్సీ మనుషులు. ఫీజు కట్టారా అని అడగలేదు. జగిత్యాల అన్న చెప్పినట్టే, ఇంటి దగ్గర అప్పు ఎంత ఉందని అడిగాను. ఇద్దరు ఏమీ మాట్లాడలేదు. గుంటూరు అమ్మాయి ఒకతె మాత్రం వేళ్ల మీద లెక్కపెట్టి, "ఇంకా పదిహేడు నెలలు అక్కా" అంది.

వచ్చే గురువారం మళ్లీ వెళ్తున్నాను. ఆ రెండో ఏజెన్సీ జీతం స్లిప్పులు చూపించమని కాంట్రాక్టర్‌కు ఉత్తరం వెళ్లింది. మాతో మాట్లాడినందుకు ఆ నలుగురి షిఫ్టులు తీసెయ్యకుండా ఏం జాగ్రత్త తీసుకోవాలో తెలిసినవాళ్లు చెప్పండి. అది బుధవారం లోపల నాకు కావాలి.